మీ ప్రశ్న – మా జవాబు: రాత్రికి రాత్రి లైసెన్స్ మార్చేస్తే?

ఈ నెల ఉత్తరాలు వేరు వేరు ఊళ్ళ నుంచి, వేరు వేరు పనులు చేసేవాళ్ళ నుంచి వచ్చాయి కానీ గొడవ మాత్రం దాదాపు ఒకటే: మనం రోజూ వాడే సాఫ్ట్‌వేర్ మీద అసలు పెత్తనం ఎవరిది? పొడుగ్గా ఉన్నవాటిని కుదించాం. తిట్లు తీసేశాం, ఒకటి రెండు బాగానే ఉన్నా సరే.

ప్రశ్న: చాలా ఏళ్ళుగా డీటీపీ చేస్తున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు, అన్నీ పాత తెలుగు ఫాంట్లలోనే ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేర్‌కి కంప్యూటర్ వెనక పెట్టే లాక్ ఒకటి ఉండేది, అది పాడైంది. మళ్ళీ కావాలంటే కొత్త వెర్షన్ కొనుక్కోమంటున్నారు. నా ఫైళ్ళు నేను తెరుచుకోవడానికి డబ్బెందుకు కట్టాలి?
– డీటీపీ ఆపరేటర్, విజయవాడ

జవాబు: మీ కోపం న్యాయమైనదే. కానీ ఆ లాక్ కన్నా పెద్ద చిక్కు మీ ఫైళ్ళలోనే ఉంది. యూనికోడ్ (ప్రతి భాషలో ప్రతి అక్షరానికీ ఒక సొంత నంబరు ఇచ్చే ప్రపంచ పద్ధతి) వాడుకలోకి రాకముందు తెలుగు ఫాంట్లు చేసినవాళ్ళు ఏం చేశారంటే, కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలకి ఉన్న గళ్ళలోనే మన అక్షరాల ముక్కల్ని, అంటే తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, ఒత్తు ఇంకోచోట సర్దేశారు. ఏ ముక్క ఏ గడిలో ఉండాలన్నది ఒక్కో కంపెనీ ఇష్టం. కాబట్టి మీరు టైపు చేసిన "శ్రీరస్తు శుభమస్తు" కంప్యూటర్ లెక్కలో తెలుగే కాదు, అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాల వరస. ఆ ఫాంట్ ఉన్నంతసేపే అది తెలుగులా కనబడుతుంది, ఫాంట్ పోతే పిచ్చిగీతలే. ఫైల్లో ఒక మాట వెతుకుదామన్నా దొరకదు.

తెలుగు 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంట్ కూడా వచ్చింది. అయినా డీటీపీ సెంటర్లు కదల్లేదు, ఎందుకంటే అందరూ నమ్ముకున్న, పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్ అయిన పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలుగు అర్థం కాదు, పైగా దాని ఆఖరి వెర్షన్ అయిన 7.0 కూడా 2001లోనే వచ్చి అక్కడితో ఆగిపోయింది. అటు కంపెనీ వదిలేసింది, ఇటు మనం దాన్నే పట్టుకుని వేలాడాం. ఈలోగా ఎవరూ అడక్కుండానే పని చేసినవాళ్ళు ఉన్నారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లు తయారు చేసి అందరికీ ఇచ్చేశారు. తర్వాత మండలి, రామభద్ర, సురన్న లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద వచ్చాయి, వాటిని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పుస్తకంలో అచ్చు వేసుకోవచ్చు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: ఆ లాక్ ఇంకా పనిచేసే మిషన్ ఏ స్నేహితుడి దగ్గరైనా ఉంటే ఒకరోజు అడిగి తీసుకుని, ముఖ్యమైన ఫైళ్ళన్నీ ముందు పీడీఎఫ్ చేసుకోండి. తర్వాత పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉన్నాయి, వాటిలో వేసి మామూలు టెక్స్ట్‌గా దాచండి. ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి, ప్రూఫ్ చూసుకోక తప్పదు. ఇకపై పుస్తకాల పనికి యూనికోడే వాడండి. శుభలేఖల దగ్గర మాత్రం ఒప్పుకోవాలి, పాత ఫాంట్లలో ఉన్నన్ని వయ్యారాలు యూనికోడ్‌లో ఇంకా రాలేదు.

ప్రశ్న: ఉత్తపుణ్యానికి ఇచ్చేది ఎవడూ ఇవ్వడు. ఈ ఓపెన్ సోర్స్ వాళ్ళు రాత్రింబవళ్ళు రాసి ఊరికే పంచిపెడతారంటే నేను నమ్మను. వీళ్ళు బతికేది ఎలా? మెలిక ఎక్కడ?
– కిరాణా వ్యాపారి, నంద్యాల

జవాబు: మెలిక ఉంది, కానీ మీరు అనుమానించే చోట లేదు. ఓపెన్ సోర్స్ అంటే ప్రోగ్రాం కోడ్‌ని ఎవరైనా చూసి, మార్చుకుని, పంచుకునేలా తెరిచి ఇవ్వడం. దాని మొదలు కోపంతో జరిగింది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ల్యాబుకి జెరాక్స్ కంపెనీ కొత్త లేజర్ ప్రింటర్ ఇచ్చింది. అందులో కాగితం ఇరుక్కుంటే పై అంతస్తులో కూర్చున్నవాళ్ళకి తెలిసేది కాదు. పాత ప్రింటర్‌కైతే ల్యాబులో వాళ్ళే ప్రోగ్రాం మార్చుకుని, ఇరుక్కున్నప్పుడు మెసేజ్ వచ్చేలా చేసుకున్నారు. కొత్తదానికి ఆ కోడ్ ఇవ్వలేదు, కోడ్ ఉన్న ఇంకో యూనివర్సిటీ మనిషిని అడిగితే ఎవరికీ చూపించనని సంతకం పెట్టానన్నాడు. ఆ ల్యాబులో పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్‌కి ఒళ్ళు మండింది. 1983లో ఆయన అందరూ స్వేచ్ఛగా వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్ తయారీకి గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు, 1989లో జీపీఎల్ లైసెన్స్ రాశాడు: నా కోడ్ తీసుకో, మార్చుకో, అమ్ముకో కూడా, కానీ నువ్వు మార్చి ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ఆ కోడ్ కూడా ఇదే షరతు మీద ఇవ్వాలి. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్స్ (విండోస్ లాగా కంప్యూటర్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్) మొదలుపెట్టి, మరుసటి ఏడు దాన్ని ఈ లైసెన్స్ కిందికే తెచ్చాడు.

ఇక బతుకు సంగతి. లినక్స్ లాంటి పెద్దవాటిలో పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది ఇవాళ జీతగాళ్ళే. ఇంటెల్, గూగుల్, రెడ్ హ్యాట్ లాంటి కంపెనీలు వాళ్ళకి జీతాలిస్తాయి, ఎందుకంటే ఆ కంపెనీల వ్యాపారం దాని మీదే నడుస్తుంది. ఆ రెడ్ హ్యాట్‌ని 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకి కొనుక్కుంది, కాబట్టి ఇందులో డబ్బు లేదని ఎవరూ అనుకోనక్కర్లేదు. అయితే అది అందరికీ చేరదు. బ్యాంకు వెబ్‌సైటు దగ్గర తాళం గుర్తు కనబడుతుంది కదా, దాని వెనక చాలాచోట్ల పనిచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రాంకి 2014 వరకూ ఏడాదికి వచ్చే విరాళాలు రెండు వేల డాలర్ల చిల్లర. ఆ ఏడాది ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడ్డాక గానీ దాన్ని వాడుకుని కోట్లు గడించిన కంపెనీలకి దాన్ని రాసేది ఎవరో గుర్తుకు రాలేదు.

నిజమైన మెలిక ఇక్కడుంది. ఎక్స్‌జెడ్ అని ఫైళ్ళని కుదించే చిన్న పనిముట్టు ఉంది, లినక్స్ సర్వర్లన్నింటిలో దాదాపు ఉంటుంది. దాన్ని చూసుకునేది ఫిన్లాండ్‌లో ఒకే ఒక్క మనిషి, జీతం లేదు. తన మానసిక ఆరోగ్యం చాలాకాలంగా బాగాలేదని, ఇది జీతం లేని అభిరుచి పని అని ఆయన 2022లో బహిరంగంగానే రాశాడు. సరిగ్గా ఆ సమయంలో ముక్కూమొహం తెలీనివాళ్ళు ఆలస్యమవుతోందని సతాయించడం, ఇంకో పక్క "జియా టాన్" అనే పేరుతో ఒకడు ఓపిగ్గా సాయం చేసి నమ్మకం సంపాదించి సహ నిర్వాహకుడు కావడం జరిగిపోయాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన వెర్షన్‌లో ఆ పేరు వెనక ఉన్నవాళ్ళు దొంగదారి పెట్టేశారు. మార్చి 29న దాన్ని బయటపెట్టింది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి ఎప్పటికన్నా అర సెకను ఎక్కువ పడుతోందేంటని తవ్వుకుంటూ పోతే దొరికింది. కోడ్ తెరిచి ఉంది కాబట్టి తవ్వగలిగాడు. ఆయనకి అప్పుడు జీతం ఇస్తున్నది మైక్రోసాఫ్ట్, ఇదీ గుర్తు పెట్టుకోవాలి.

మన దగ్గర షేర్ల బ్రోకరేజీ కంపెనీ జెరోధా 2024లో ఏడాదికి పది లక్షల డాలర్ల నిధి ఒకటి మొదలుపెట్టింది, ఇలాంటి ప్రాజెక్టులకే. ఉచితంగా వాడుకుని ఎదిగిన మిగతా మన కంపెనీలు ఎందుకు ఆ పని చేయవో వాళ్ళనే అడగాలి.

ప్రశ్న: నేను డెవాప్స్‌లో ఉన్నాను. ఓపెన్ సోర్స్ అని నమ్మి టెర్రాఫామ్, రెడిస్ మీద మొత్తం కట్టాం. వాళ్ళు లైసెన్స్ మార్చేశారు. లీగల్ టీం నుంచి మెయిల్స్, మేనేజర్ నుంచి ఫోన్లు, ఒకటే టెన్షన్. ఇది పచ్చి మోసం కాదా? అసలు ముందే పసిగట్టడం ఎలా?
– సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, గచ్చిబౌలి

జవాబు: తెలియనివాళ్ళ కోసం: డెవాప్స్ అంటే సర్వర్లు, సాఫ్ట్‌వేర్ సజావుగా నడిపే పని, టెర్రాఫామ్ అంటే సర్వర్లని కోడ్‌తో ఏర్పాటు చేసే పనిముట్టు, రెడిస్ అంటే వేగంగా పనిచేసే డేటాబేస్. మోసం అనేముందు వాళ్ళ వైపు కూడా ఒకసారి చూడండి. ఒక చిన్న కంపెనీ డేటాబేస్ రాసి అందరికీ ఇస్తుంది. అమెజాన్ లాంటి క్లౌడ్ కంపెనీ దాన్ని తీసుకుని, తన సర్వర్లలో పెట్టి, నెలకింత అని అద్దెకిచ్చి, రాసినవాళ్ళ కన్నా ఎక్కువ సంపాదించుకుంటుంది. లైసెన్స్ ప్రకారం అందులో తప్పేమీ లేదు. రాసినవాళ్ళకి కడుపు మండుతుంది, లేదా వాళ్ళ వెనకున్న పెట్టుబడిదారులకి మండుతుంది, తేడా బయటినుంచి తెలీదు. 2018లో డేటాబేస్ కంపెనీ మోంగోడీబీ, 2021లో వెతుకులాట సాఫ్ట్‌వేర్ చేసే ఇలాస్టిక్, 2023 ఆగస్టులో టెర్రాఫామ్ యజమాని హాషికార్ప్, 2024 మార్చిలో రెడిస్, వరసగా ఇదే బాట పట్టాయి. కోడ్ చూడొచ్చు, చాలా పనులకి వాడుకోవచ్చు కూడా, కానీ మాకు పోటీగా వ్యాపారం చేయకూడదు అన్నది ఈ కొత్త లైసెన్సుల సారాంశం. ఓపెన్ సోర్స్ అంటే ఫలానా అని ఖరారు చేసే ఓఎస్‌ఐ వీటిని ఓపెన్ సోర్స్‌గా ఒప్పుకోలేదు.

నాకు వాళ్ళ కష్టం అర్థమవుతుంది, వాళ్ళ మీద జాలి మాత్రం కలగదు. ఎదిగేదాకా "ఇది అందరిదీ" అని చెప్పి, ప్రపంచంలో వందలాది మంది చేత బగ్గులు సరిచేయించుకుని, ఎదిగాక "ఇది మాది" అంటే వినడానికి బాగోదు. కంపెనీ అమ్ముడుపోవడం కూడా దీనితోనే ముడిపడి వస్తుంటుంది: హాషికార్ప్‌ని 640 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు 2024 ఏప్రిల్‌లో ఐబీఎం ప్రకటించింది. అంతకుముందు అదే ఐబీఎం చేతిలో ఉన్న రెడ్ హ్యాట్, 2029 దాకా సపోర్ట్ ఉంటుందనుకున్న ఉచిత లినక్స్ అయిన సెంట్‌ఓఎస్ 8ని 2021 చివరికే ఆపేస్తున్నామని చెప్పి ఎంతమంది సర్వర్ల వాళ్ళ నిద్ర చెడగొట్టిందో మీకు తెలిసే ఉంటుంది.

అయితే ఇక్కడే ఓపెన్ సోర్స్‌కి ఉన్న అసలు బలం బయటపడుతుంది. లైసెన్స్ ఇవాళ మార్చినా నిన్నటి వెర్షన్ నిన్నటి లైసెన్స్ కిందే ఉంటుంది, దాన్ని ఎవరూ వెనక్కి లాక్కోలేరు. దాన్ని తీసుకుని వేరు కాపురం పెట్టొచ్చు. అదే ఫోర్క్. టెర్రాఫామ్ నుంచి ఓపెన్‌టోఫు, రెడిస్ నుంచి వాల్కీ, ఇలాస్టిక్‌సెర్చ్ నుంచి ఓపెన్‌సెర్చ్, సెంట్‌ఓఎస్ పోయిన చోట ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ వచ్చాయి. రెడిస్ ప్రకటన వచ్చిన వారం పది రోజుల్లోనే వాల్కీ ప్రకటన వచ్చేసింది, అంత వేగం. దాని ఫలితమో మరోటో గానీ ఇలాస్టిక్ 2024లో, రెడిస్ 2025 మేలో మళ్ళీ ఏజీపీఎల్ అనే నిజమైన ఓపెన్ సోర్స్ లైసెన్స్‌ని కూడా చేర్చాయి. ఇందులో తమాషా ఒకటుంది. వాల్కీ వెనక నిలబడింది అమెజాన్, గూగుల్, ఒరాకిల్. అంటే చిన్న కంపెనీ పెత్తనం నుంచి మనల్ని కాపాడింది పెద్ద కంపెనీలు, అదీ వాళ్ళ అద్దెల వ్యాపారం దెబ్బతినకుండా. ఫోర్క్ చేసే హక్కు అందరికీ ఉంటుంది, ఫోర్క్‌ని ఏళ్ళ తరబడి పోషించే ఓపికా డబ్బూ కొందరికే.

పసిగట్టడం గురించి అడిగారు. నేనైతే మూడు విషయాలు చూస్తాను. ప్రాజెక్టు కాపీరైట్ ఎవరి దగ్గర ఉంది? మీరు ఒక లైను కోడ్ పంపితే ముందు సీఎల్‌ఏ (కోడ్ పంపేవాళ్ళు ఒప్పుకోవాల్సిన షరతుల పత్రం) మీద సంతకం పెట్టమంటున్నారంటే, దాన్ని జాగ్రత్తగా చదవండి. మీ కోడ్‌ని తమకు నచ్చిన లైసెన్స్‌లోకి మార్చుకునే హక్కు చాలాసార్లు అందులోనే రాయించుకుంటారు. హాషికార్ప్‌కి అది ఉంది. రెడిస్‌కి ఆ అవసరం కూడా లేకపోయింది, దాని పాత బీఎస్‌డీ లైసెన్సే అంత వదులుగా ఉంటుంది. లినక్స్ కెర్నల్‌ని (దాని గుండెకాయ లాంటి భాగాన్ని) చూడండి: జీపీఎల్ రెండో వెర్షన్, ఎవరు రాసిన ముక్క కాపీరైట్ వాళ్ళదే, అలాంటివాళ్ళు వేల మంది. 2007లో జీపీఎల్ మూడో వెర్షన్ వచ్చినప్పుడు టోర్వాల్డ్స్‌కి అది నచ్చలేదు, మారలేదు. నచ్చి ఉన్నా వాళ్ళందరినీ ఒప్పించి మార్చడం జరిగే పని కాదు. రెండోది, గత ఏడాదిలో కోడ్ మార్పులు చేసినవాళ్ళందరూ ఒకే కంపెనీ మెయిల్ ఐడీతో ఉంటే అది ఆ కంపెనీ సొత్తనే అనుకోండి. మూడోది పేరు. ట్రేడ్‌మార్క్ ఒక కంపెనీదా, లేక ఫౌండేషన్‌దా?

మీ లీగల్ టీంకి ఒకమాట చెప్పండి. మీ కంపెనీ టెర్రాఫామ్‌ని తన సొంత పనులకి వాడుకుంటుంటే కొత్త లైసెన్స్ దానికి అడ్డు చెప్పదు. హాషికార్ప్‌కి పోటీగా దాన్ని అమ్మేవాళ్ళకే ఇబ్బంది. సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

ప్రశ్న: ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ అంటారు కదండీ. మరి మా ఫోన్లో నేను ఎప్పుడూ తెరవని యాప్‌లు తీసేద్దామంటే కుదరట్లేదు. డిసేబుల్ అంటుంది గానీ డిలీట్ అనదు. మేం డబ్బులు పెట్టి కొన్న ఫోనే కదా?
– గృహిణి, వరంగల్

జవాబు: మీరే కొన్నారమ్మా, కానీ లోపల రెండు ఇళ్ళున్నాయి. కింద అసలు ఆండ్రాయిడ్, దాని కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు. పైన ప్లే స్టోర్, మ్యాప్స్, జీమెయిల్, కంటికి కనబడకుండా నడిచే ప్లే సర్వీసెస్, ఇవన్నీ గూగుల్ సొంతం, కోడ్ ఇవ్వరు. పైవి లేకుండా కిందది ఉన్న ఫోన్ మన దగ్గర ఎవరూ కొనరు, ఎందుకంటే బోలెడు యాప్‌లు ప్లే సర్వీసెస్ లేకపోతే సరిగ్గా నడవవు. 2019లో అమెరికా ఆంక్షలతో హువావేకి ఇదే జరిగింది: ఆండ్రాయిడ్ కోడ్ వాడుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు, గూగుల్ యాప్‌లు ఆగిపోయాయి, చైనా బయట ఆ ఫోన్ల అమ్మకాలు కూలబడ్డాయి.

ఫోన్ కంపెనీలకి ప్లే స్టోర్ కావాలంటే గూగుల్ యాప్‌ల మూట మొత్తం పెట్టాలని ఒప్పందాలుండేవి. మన కాంపిటీషన్ కమిషన్ దీన్ని తప్పుబట్టి 2022 అక్టోబరులో 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ముందే ఎక్కించిన యాప్‌లని తీసేసుకునే వీలు కల్పించమని కూడా చెప్పింది, అచ్చంగా మీరు అడిగేదే. గూగుల్ అప్పీలుకి వెళ్ళింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానా సరైనదేనంది గానీ నాలుగు ఆదేశాలు కొట్టేసింది, వాటిలో ఈ తీసేసే సంగతి కూడా పోయింది. అందుకే మీ ఫోన్లో ఇంకా డిసేబుల్ అన్నదే కనబడుతోంది.

ఇంకో సంగతి. ప్లే స్టోర్‌తో పనిలేకుండా ఫైల్ ద్వారా యాప్ వేసుకునే దారి ఆండ్రాయిడ్‌లో మొదట్నించీ ఉంది. 2025 ఆగస్టులో గూగుల్, ఇకపై అలాంటి యాప్‌లు చేసేవాళ్ళు కూడా తమ దగ్గర వివరాలిచ్చి నమోదు కావాలంది, ముందు 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లలో మొదలుపెడతామంది. విమర్శలు వచ్చాక, తెలిసినవాళ్ళకి వేరే దారి ఒకటి ఉంచుతామని సర్దుకుంది. కారణం మోసాలంటున్నారు. పార్శిల్ ఆగిపోయిందనో కేవైసీ అనో లింకు పంపి ఏపీకే ఫైలుతో ఖాతాలు ఊడ్చేసే మోసాలు మన ఊళ్ళలోనూ జరుగుతున్నాయి కాబట్టి ఆ కారణాన్ని పూర్తిగా తీసిపారేయలేను. కానీ ఏది మంచిదో ఏది చెడ్డదో తేల్చే అధికారం, ఆ స్టోర్ మీద కమిషన్ తినే కంపెనీకే ఇవ్వడం ఏం పద్ధతి?

ప్రశ్న: సార్, బీటెక్ థర్డ్ ఇయర్. ఓపెన్ సోర్స్ కాంట్రిబ్యూషన్స్ ఉంటే ప్లేస్‌మెంట్స్‌లో బాగుంటుందన్నారు. ఒక వీడియో చూసి ఒక పెద్ద ప్రాజెక్టులో నా పేరు చేరుస్తూ పుల్ రిక్వెస్ట్ (మార్పు చేర్చుకోమన్న అభ్యర్థన) పెట్టాను. ఎవరో కోపంగా క్లోజ్ చేశారు. నేను చేసిన తప్పేంటి?
– విద్యార్థి, కాకినాడ

జవాబు: తమ్ముడూ, నిన్ను తిట్టడానికి మనసొప్పట్లేదు, ఆ వీడియో చేసినవాళ్ళని మాత్రం తిట్టాలనుంది. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుకి ఇలాగే జరిగింది, రీడ్‌మీ అనే పరిచయ ఫైల్లో తమ పేరు చేరుస్తూ వందల రిక్వెస్టులు, చాలావరకు మన దేశపు విద్యార్థులవే. అంతకుముందు 2020 అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అని, నాలుగు పుల్ రిక్వెస్టులు పెడితే టీషర్టు ఇస్తామంటే, ప్రపంచమంతా కామాలు మార్చి, "అద్భుతమైన ప్రాజెక్టు" అని ఒక లైను చేర్చి పంపేశారు. నిర్వాహకులు మొత్తుకుంటే నెల మొదట్లోనే నిబంధనలు మార్చాల్సి వచ్చింది. పైన ఎక్స్‌జెడ్ కథ చదివావు కదా, అవతల కూర్చున్నది జీతం లేని మనిషి కావచ్చు. నువ్వు పంపింది చదవడానికి అతనికి ఐదు నిమిషాలు. నీలాంటివాళ్ళు వందమంది పంపితే అతని రోజు అయిపోయినట్టే.

కావాలంటే నిజంగా పనికొచ్చేవి చాలా ఉన్నాయి, అవి ఇంగ్లీషువాళ్ళు చేయలేరు కూడా. ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్ తెలుగు అనువాదం తెరిచి చూడు, ఎక్కడ వికారంగా ఉందో నీకే తెలుస్తుంది. ఏదైనా ప్రోగ్రాంలో క్ష్మ, ర్త్య లాంటి గట్టి అక్షరాలు విరిగిపోతుంటే, ఏ వెర్షన్‌లో, ఏ ఫాంట్‌తో, ఎలా విరిగిందో స్క్రీన్‌షాట్‌తో రిపోర్టు రాయి. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో ఈ పనులు ఏళ్ళుగా చేస్తోంది, అక్కడ నేర్పించేవాళ్ళు దొరుకుతారు. నువ్వు కాలేజీ ప్రాజెక్టుకి ఏ లైబ్రరీ వాడుతున్నావో అందులోనే నీకు తగిలిన బగ్గుతో మొదలుపెట్టు. ఇంటర్వ్యూలో ఒక్క బగ్గు గురించి పావుగంట మాట్లాడగలిగితే చాలు, కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో నీ పని చూపే పచ్చ గళ్ళు ఎవరూ లెక్కపెట్టరు. లెక్కపెట్టే కంపెనీ ఉంటే అందులో చేరకు.

ప్రశ్న: నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ ఈమెయిల్ ఆపేసిన వార్త చదివి గుండె ఝల్లుమంది. రేపు మన ప్రభుత్వ ఆఫీసులకి ఇలా జరిగితే? మన స్వదేశీ సాఫ్ట్‌వేర్లకి మారిపోతే పీడ విరగడవుతుంది కదా?
– రిటైర్డ్ ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ ఉదంతం తెలియనివాళ్ళ కోసం. గుజరాత్‌లోని వాడినార్ రిఫైనరీ నయారాది, అందులో రష్యా కంపెనీ రాస్‌నెఫ్ట్‌కి సుమారు 49 శాతం వాటా ఉంది. 2025 జులైలో ఐరోపా సమాఖ్య ఆంక్షలు పెట్టగానే మైక్రోసాఫ్ట్ నయారా ఉద్యోగుల ఈమెయిల్, టీమ్స్ నిలిపేసింది. డబ్బు కట్టిన లైసెన్సులు, మన చట్టం ప్రకారం ఏ తప్పూ లేదు, ఆంక్షలు పెట్టింది మన ప్రభుత్వమూ కాదు. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది, నెలాఖరుకి సేవలు తిరిగి వచ్చాయి. 2019లో వెనెజులాలో అడోబ్ కూడా అమెరికా ఉత్తర్వు చూపించి ఖాతాలన్నీ ఆపేస్తామంది, తర్వాత వెనక్కి తగ్గింది. కాబట్టి మీ భయం ఉట్టిదేం కాదు.

కానీ స్వదేశీ, ఓపెన్ సోర్స్ ఒకటే అనుకోకండి. 2025 అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ తన అధికారులని జోహో ఆఫీస్ వాడమంది. జోహో మన కంపెనీ, మంచి సాఫ్ట్‌వేరే, ఐరోపావాళ్ళు ఫోన్ చేస్తే ఆగిపోదు. అయితే దాని కోడ్ జోహోదే, సర్వర్లు జోహోవే. ఇరవై ఏళ్ళ తర్వాత ధర పెంచినా, అమ్ముడుపోయినా, మూతపడినా ఆఫీసులు ఏం చేయాలన్నది మైక్రోసాఫ్ట్‌తో ఉన్న ప్రశ్నే. కేంద్రానికి 2015 నుంచే ఓపెన్ సోర్స్ వాడాలన్న విధానం ఉంది, ప్రభుత్వ సంస్థ సీడాక్ చేసిన బాస్ లినక్స్ ఉంది, అవి ఎంత ఆఫీసుల్లో కనబడుతున్నాయో మీకే తెలుసు. జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 30,000 కంప్యూటర్లని లిబ్రెఆఫీస్‌కి, ఆపైన లినక్స్‌కి మారుస్తామని 2024లో నిర్ణయించింది. అదే దేశంలో మ్యూనిక్ నగరం ఏళ్ళ తరబడి కష్టపడి లినక్స్‌కి మారి, 2017లో మళ్ళీ విండోస్‌కి వెళ్ళిపోవాలని తీర్మానించింది. మారడం ఒకెత్తు, పాలకులు మారినా దాన్ని నిలబెట్టడం ఇంకో ఎత్తు.

ఓపెన్ సోర్స్ అంటే రాజకీయాలు అంటవనీ కాదు. 2024 అక్టోబరులో ఆంక్షల కారణంగా లినక్స్ కెర్నల్ నిర్వాహకుల జాబితాలోంచి రష్యావాళ్ళని డజను మంది దాకా తీసేశారు. మనుషుల్ని తీసేయగలిగారు. కానీ రష్యాలో నడుస్తున్న లినక్స్ సర్వర్లని ఎవరూ స్విచ్ నొక్కి ఆపలేకపోయారు. నయారాకి లేనిది అదే. ముందు మీ పాత ఆఫీసువాళ్ళకి ఒక చిన్న సలహా ఇవ్వండి: ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ఫైళ్ళు ఓడీఎఫ్ లాంటి అందరికీ తెరుచుకునే రూపంలో దాచమనండి.

ప్రశ్న: మా స్కూల్ ల్యాబులో పాత కంప్యూటర్లు. విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి, 11 వేద్దామంటే తీసుకోవట్లేదు. పారేయాలా?
– ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు, సిద్దిపేట జిల్లా

జవాబు: వద్దు మేడం. 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదని మిషన్ పాడైనట్టు కాదు. లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే ఒక మిషన్‌లో నడిపి చూడండి, సౌండ్, వైఫై, ప్రింటర్ పనిచేస్తే మిగతావాటికీ వేయండి. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్ళుగా లినక్స్ మీదే పాఠాలు చెబుతున్నాయి, పిల్లలకేం తక్కువ కాలేదు. ఆఫీసు రూములో వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకం వాడే కంప్యూటర్ని మాత్రం ఇప్పుడే కదపకండి, వాటి డ్రైవర్లు విండోస్‌కే ఇచ్చి ఊరుకుంటారు చాలామంది.

ప్రశ్న: తెలుగు పంచాంగం యాప్ ఒకటి సొంతంగా రాశాను. కోడ్ బయటపెడదామని ఉంది, కానీ ఎవరో తీసుకుని యాడ్స్ పెట్టి అమ్ముకుంటారని భయం. ఏ లైసెన్స్ మంచిది?
– యువకుడు, తెనాలి

జవాబు: అమ్ముకోవడాన్ని ఆపే లైసెన్స్ కావాలంటే అది ఓపెన్ సోర్స్ కాదు, ఆ సంగతి ముందు తేల్చుకోండి. ఎంఐటీ లైసెన్స్ పెడితే ఎవరైనా తీసుకుని, మార్చి, మూసేసుకుని అమ్ముకోవచ్చు, మీ పేరు ఒక మూల ఉంచితే చాలు. జీపీఎల్ పెడితే అమ్ముకోవచ్చు గానీ మార్చిన కోడ్ కొన్నవాళ్ళకి ఇవ్వాల్సిందే, దాంతో యాడ్స్ పెట్టినవాడి కోడ్ తీసుకుని ఇంకొకరు యాడ్స్ పీకేసి ఇవ్వగలరు. ఎవరైనా సర్వర్‌లో పెట్టి వెబ్‌సైటుగా నడుపుతారనుకుంటే ఏజీపీఎల్, అక్కడ కూడా కోడ్ ఇచ్చి తీరాలి. మీ భయాన్ని బట్టి చూస్తే నేనైతే జీపీఎల్ మూడో వెర్షన్ అంటాను. పేరు, లోగో మాత్రం వేరుగా ఉంచుకోండి: కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, ఈ పేరుతో వేరేవాళ్ళు యాప్ పెట్టకూడదు అని రీడ్‌మీలో రాయండి. ప్లే స్టోర్‌కి పంపేటప్పుడు వాడే సైనింగ్ కీని (యాప్ మీదేనని రుజువు చేసే రహస్య ఫైలుని) కోడ్‌తో పాటు పొరపాటున గిట్‌హబ్‌లో పెట్టేయకండి, చాలామంది పెట్టేస్తారు. ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్ ఎఫ్-డ్రాయిడ్‌లో కూడా చేర్చమని అడగండి, ఒకే స్టోర్ మీద ఆధారపడక్కర్లేదు. తిథులు దృక్ పద్ధతిలో లెక్కవేశారా, సూర్యసిద్ధాంతం ప్రకారమా అన్నది మొదటి పేజీలోనే స్పష్టంగా రాసి పెట్టండి, లేదంటే ఏకాదశి ఎప్పుడొచ్చినా మీకు బగ్ రిపోర్టులు వస్తూనే ఉంటాయి.